సమ్మర్ క్యాన్సర్ ల్యాబ్ శిక్షణ "మనకు రాదులే" అనుకోకండి

మొన్న హ్యూస్టన్ పక్కన పేర్‌లాండ్ మీనాక్షి గుడిలో ప్రసాదం దగ్గర ఒక చెల్లెలు పలకరించింది. వాళ్లది భీమవరం పక్కన పల్లెటూరు. వాళ్ల అన్నగారు వేసిన పిటిషన్ ఎన్నో ఏళ్లకు కదిలి, రెండేళ్ల కిందట కుటుంబమంతా గ్రీన్ కార్డులతో హ్యూస్టన్‌లో దిగారు. ఆయనకు గ్యాస్ స్టేషన్‌లో నైట్ డ్యూటీ, ఈవిడ ఇండియన్ స్టోర్‌లో పని. అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ చదువుతోంది. "సమ్మర్‌లో క్యాన్సర్ రీసెర్చ్ ట్రైనింగ్ అంట అక్కా, డబ్బులు కూడా ఇస్తారంట, కానీ అవి నల్లవాళ్లకీ మెక్సికన్లకీ అని ఎవరో చెప్పారు, మనకు రాదులే అని పిల్ల అప్లై చెయ్యనంటోంది" అంది. ఆ పిల్లకు వచ్చే అవకాశం బాగా ఉందని నేను చెబితే నమ్మలేదు. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఇలాగే అనుకుని వదిలేస్తున్నారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను క్యాన్సర్ ల్యాబుల్లో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను, ఏటా సమ్మర్‌లో వచ్చే కాలేజీ పిల్లలకు బెంచి దగ్గర పని నేర్పించేది నేనే.

ఈ ప్రోగ్రాముల్లో చాలావాటికి డబ్బు నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి వస్తుంది. 2025కు ముందు ప్రకటనల్లో పరిశోధనలో తక్కువగా కనిపించే వర్గాలు అన్నప్పుడు నల్లవాళ్లు, హిస్పానిక్‌లు, నేటివ్ అమెరికన్ల పేర్లు ఉండేవి, మన భారతీయుల పేరు ఆ జాబితాలో ఉండేది కాదు, అది నిజమే. కానీ చాలామంది అక్కడితో చదవడం ఆపేసేవారు. కింద ఇంకో భాగం ఉండేది: తల్లిదండ్రుల్లో ఎవరికీ డిగ్రీ లేకపోవడం, కాలేజీకి పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే సాయం) రావడం, స్కూల్లో ఉచిత భోజనానికి అర్హత ఉండటం, వైకల్యం ఉండటం, ఇలాంటివి. ఆ చెల్లెలు టెన్త్, ఆయన ఇంటర్. అమ్మాయికి పెల్ గ్రాంట్ వస్తోంది. అలాంటి నియమం ఉన్నచోట ఇంకేం కావాలి? అయితే డిగ్రీ ఉండి లేదని మాత్రం రాయకండి. ఊళ్లో బీకాం పాసై ఇక్కడ కౌంటర్‌లో నిలబడినా అది డిగ్రీయే. అబద్ధంతో సంపాదించిన సీటు ఇంకో పిల్లది.

"ఇక్కడ కూడా రిజర్వేషన్లేనా" అని మనవాళ్లు విసుక్కోవడం వింటుంటాను, బాధేస్తుంది. ఈ దేశంలో నల్లజాతి పురుషులు ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయే రేటు తెల్లవాళ్ల కంటే దాదాపు రెట్టింపు. ఆ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ల్యాబులో ఉంటే అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి, అది నేను కళ్లారా చూశాను.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా), హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లల సంగతి వేరు. ఫెడరల్ డబ్బుతో నడిచేవి దాదాపు అన్నీ సిటిజన్లకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. నిరాశపడొద్దు, మీ సొంత యూనివర్సిటీలో ల్యాబుల ప్రొఫెసర్లకు నేరుగా ఈమెయిల్ రాయండి. ఎఫ్-1 వాళ్లు సెలవుల్లో క్యాంపస్‌లో ఫుల్ టైమ్ పని చేయొచ్చు, బయట సంస్థలో అయితే సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పనిచేయడానికి అనుమతి కావాలి, ముందుగా ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. హెచ్-4 పిల్లలు స్టైపెండ్ తీసుకుంటే అనవసరంగా చిక్కుల్లో పడతారు, జీతం లేకుండా చేసినా సరే లాయర్‌ను ఒక మాట అడిగాకే మొదలుపెట్టండి.

అప్లికేషన్లు చాలావరకు నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు ముగుస్తాయి. ఏప్రిల్‌లో అడిగితే నేనేం చేయలేను. రెండు సిఫార్సు లేఖలు కావాలంటారు, లెక్చరర్లను అక్టోబర్‌లోనే అడిగి పెట్టుకోవాలి. 2025లో ఫెడరల్ రీసెర్చ్ నిధులు చాలాచోట్ల ఆగిపోయాయి, నియమాలూ మారుతున్నాయి, కాబట్టి నిరుటి పేజీని నమ్ముకోకుండా ఈ ఏటి ప్రకటన చదివి, నాలుగైదు చోట్లకు పంపండి.

అన్నిటికంటే ముఖ్యం వ్యాసం. మన పిల్లలందరూ "చిన్నప్పటి నుంచీ సైన్స్ అంటే ప్రాణం" అని మొదలుపెడతారు. ఒకబ్బాయి అలాగే రాసుకొచ్చాడు, మాటల్లో మాటగా తెలిసిందేమంటే వాళ్ల తాతకు గుట్కా వల్ల నోటి క్యాన్సర్ వచ్చిందనీ, వారానికి ఇరవై గంటలు మోటెల్లో పనిచేస్తూ చదువుతున్నాడనీ. అదెందుకు రాయలేదంటే "సిగ్గుగా ఉంది ఆంటీ" అన్నాడు. రాయించాను, సీటొచ్చింది. నాన్న చేసే పనైనా, మనం చేసే పనైనా దాచుకోవాల్సింది కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరినప్పుడు చేతిలో డబ్బుల్లేక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశారు. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబుల్లో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. ఈ సంగతి ఆ అమ్మాయికి చెబితే మొదటిసారి విన్నానంది, పక్క ఊరే అయినా.

సీటొస్తే ఎనిమిది నుంచి పది వారాలు, వారానికి నలభై గంటలు. మొదటి వారమంతా సేఫ్టీ ట్రైనింగులు, పిపెట్ (ద్రవాన్ని కొలిచి పోసే పరికరం) పట్టుకోవడంతోనే సరిపోతుంది. పెంచుతున్న సెల్స్‌కు ఫంగస్ పట్టి మూడు వారాల శ్రమ పోవచ్చు, పిల్ల ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేయొచ్చు. కంగారుపడి వచ్చెయ్యమనకండి, మా అందరికీ జరిగేదే అది. కొందరికి బెంచి దగ్గర ద్రావకాలతో, సెల్స్‌తో చేసే పనే ఉండదు, కంప్యూటర్ మీద డేటాతోనే గడిచిపోతుంది, అదీ క్యాన్సర్ రీసెర్చే. స్టైపెండ్‌లో పన్ను చాలాచోట్ల ముందే కోయరు, కొంత పక్కన పెట్టుకోండి.

ఆడపిల్లను వేరే ఊరికి పంపాలంటే టెన్షన్ ఉంటుంది, తెలుసు. చాలా ప్రోగ్రాముల్లో డార్మ్ వాళ్లే ఇస్తారు, కోఆర్డినేటర్ నంబర్ ఉంటుంది, మీరే ఫోన్ చేసి అడగండి, ఇంగ్లీషు తడబడినా ఎవరూ ఏమీ అనుకోరు. చివరి రోజున పిల్లలు తమ పోస్టర్ల పక్కన నిలబడి వచ్చినవాళ్లకు పని వివరిస్తారు, ఇంటివాళ్లను రానిచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. ఆ రోజుకు షిఫ్ట్ మార్చుకోమని ఆయనతో ఇప్పుడే చెప్పి ఉంచమన్నాను చెల్లెలికి.