జీతం చీటీ చూడకుండా కొత్త అప్పు జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర పల్లె. ప్రభుత్వ బాలికల విద్యాలయంలో నాలుగేళ్లుగా ఔట్‌సోర్సింగ్‌లో అటెండరుగా చేస్తున్నాను. జీతం 15 వేలు అన్నారు. బ్యాంకులో 11,287 పడుతోంది. అదీ ఒక్కోసారి రెండు నెలలది కలిపి వేస్తారు. అడిగితే ‘పీఎఫ్, ఈఎస్‌ఐ పోయాయి’ అంటారు. చీటీ ఎప్పుడూ ఇవ్వలేదు. మా ఆయనకు 42 ఏళ్లు, ఆటో నడుపుతారు. పోయినేడాది ఆయన హెర్నియా ఆపరేషన్‌కు ఐదు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చాం. 14 నెలలుగా వడ్డీ కడుతున్నాం. ఇప్పుడు ఫోన్ యాప్‌లో లక్ష ఇస్తామంటున్నారు. పాతది తీర్చి, మిగిలింది ఇంటి రేకులకు వాడుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఆ యాప్ ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి. రెండు నెలలకోసారి జీతం పడే ఇంట్లో ఒక్క వాయిదా తప్పితే చాలు, మీ ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తారు. అలా ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది అప్పు కాదు, 11,287 అనే అంకె. వంటమనుషులు, వాచ్‌మన్లు, స్వీపర్లు, ఇలా బడుల్లో పనిచేసే ఎంతోమంది చేతికొచ్చిందే జీతం అనుకుని, తగ్గినదాన్ని అప్పుతో పూడ్చుకుంటున్నారు. అందుకే మీ లెక్క అందరి ముందూ వేస్తున్నాను.

15 వేల మీద మీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. ఈఎస్‌ఐ 0.75 శాతం, అంటే 113. రెండూ పోగా 13,087 రావాలి. మీకు వస్తున్నది దానికన్నా సరిగ్గా 1,800 తక్కువ. యజమాని వాటా పీఎఫ్ కూడా 1,800 రూపాయలే. మిమ్మల్ని పనిలో పెట్టి జీతమిచ్చే ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీయే ఇక్కడ యజమాని. అది తన వాటానూ మీ జీతంలోంచే కోస్తోందేమోనని నా అనుమానం. అలా కోయడానికి చట్టం ఒప్పుకోదు. అయితే కాగితం చూడకుండా ఎవరినీ దొంగ అనలేం. ‘15 వేలు’ అని మీతో అన్నది జీతమా, అన్ని వాటాలూ కలిపిన మొత్తమా అన్నది కూడా ఆ కాగితమే చెప్పాలి. అందుకే చీటీ కావాలి. అది వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు, జీతంతోపాటు చీటీ ఇవ్వాలన్నది చట్టం.

వాళ్లు ఇచ్చేదాకా మీరు చేయగలిగిన పని ఒకటుంది. పీఎఫ్‌లో నమోదైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. ప్రభుత్వ యాప్ ఉమంగ్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, మీ పాపతోనో బాబుతోనో నెలనెలా చదివించండి. ప్రతి నెలా మూడు అంకెలు కనబడాలి: మీ వాటా 1,800, యజమాని కట్టే 1,800లో పీఎఫ్‌కు 550, పింఛనుకు 1,250. ఏ నెల ఖాళీగా ఉందో నోటు పుస్తకంలో రాసుకోండి.

ఇక నా గుండె మండే సంగతికి వస్తాను. నాలుగేళ్లుగా మీ జీతంలో ఈఎస్‌ఐ కోస్తున్నామంటున్నారు. ఈఎస్‌ఐ అంటే మీకూ మీ ఆయనకూ పిల్లలకూ వైద్యం. మీ ఈఎస్‌ఐ నంబరు మీ చేతిలో ఉండుంటే హెర్నియా ఆపరేషన్‌కు 60 వేలు తేవాల్సిన పనే లేదు. విశాఖ మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. నెలకు 3 వేల చొప్పున 14 నెలల్లో మీరు కట్టిన వడ్డీ 42 వేలు, అసలులో ఒక్క రూపాయీ తగ్గలేదు. చీటీ మీద పది అంకెల ఈఎస్‌ఐ నంబరు ఉంటే ఇదంతా జరిగేది కాదు. అందుకే ముందు ఆ నంబరు అడగండి, రేకుల సంగతి తర్వాత.

పీఎఫ్ సక్రమంగా కడుతుంటే దానితోపాటు మరో బీమా ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మీకేమైనా అయితే ఇంటివాళ్లకు కనీసం 2.5 లక్షలు, ఎక్కువలో ఎక్కువ 7 లక్షలు వస్తుంది. దీనికి మీ జీతంలోంచి పైసా కోయరు. నామినీ పేరు ఆన్‌లైన్‌లో ఎక్కించారా? లేకపోతే ఈ వారమే చేయించండి.

మీ ఆయన సంగతి ఇంకా టెన్షన్ పెడుతోంది. రోజంతా రోడ్డు మీద ఉండే మనిషికి ఒక్క బీమా కూడా ఉన్నట్టు మీరు రాయలేదు. బ్యాంకుకు వెళ్లి ప్రాణానికి జీవన్ జ్యోతి, ప్రమాదానికి సురక్షా బీమా, రెండూ తీసుకోండి. ఏడాదికి మొదటిదానికి 436, రెండోదానికి 20 రూపాయలు. రెంటిలోనూ 2 లక్షల చొప్పున కవరు ఉంటుంది. ఏటా మే నెలాఖరులో డబ్బు ఖాతాలోంచి కోస్తారు. జీతం ఆలస్యమై ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. అందుకే ఆ 456 ఎప్పుడూ ముట్టుకోకండి.

60 వేల అప్పు మాటకొస్తే, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఐదు రూపాయల వడ్డీవాడిది తీర్చేయండి. లేకపోతే డ్వాక్రా సంఘంలో అడగండి. పీఎఫ్ అడ్వాన్సు మాత్రం ఆఖరి దారి.

చీటీ కోసం ఒక్కరే అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయముంటుంది. ఆ భయం నాకు తెలుసు. మీ విద్యాలయంలో ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్లందరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి. ఏజెన్సీకి ఒకటి, ప్రిన్సిపాల్‌కు ఒకటి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. జవాబు లేకపోతే సోమవారం విజయనగరం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి. పాస్‌బుక్‌లో ఖాళీ నెలలు కనబడితే విశాఖలోని పీఎఫ్ కార్యాలయానికి కూడా రాయండి.

పాస్‌బుక్ చూశాక ఆ మూడు అంకెలూ నాకు రాసి పంపండి. ఆ 1,800 మీ చేతికి రావడం మొదలైతే రేకులకు ఎన్ని నెలలు పడుతుందో అప్పుడు లెక్క వేద్దాం.