రెండో బ్రాంచి ఇప్పుడే వద్దు

సంక్రాంతి తర్వాత కర్రీ పాయింట్ పెట్టాను, నాలుగు నెలలుగా బాగా నడుస్తోంది, అప్పు తెచ్చి రెండోది తెరవనా అని అడిగారు కదండీ. కాస్త ఆగండి. నేను మారథాన్లు పరిగెడతాను. మొదటి పది కిలోమీటర్లు ఎంత తేలిగ్గా ఉంటాయంటే కాళ్లు ఇంకా వేగం పెంచమంటాయి, ఆ ఊపులో పోయినవాళ్లకు 30 దాటాక ఒంట్లో నిల్వ ఉన్న ఇంధనం, అదే గ్లైకోజెన్, అడుగంటి నడవడమే గగనమవుతుంది. 2023లో షికాగోలో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో ప్రపంచ రికార్డు సృష్టించినప్పుడు మొదటి సగానికి 60 నిమిషాల 48 సెకన్లు తీసుకున్నాడు, రెండో సగం 59:47లో ముగించాడు. అంతటివాడే ముందు నిగ్రహించుకున్నాడు!

మీకు ఆ గ్లైకోజెన్ చేతిలో ఉన్న డబ్బే. అద్దె, జీతాలు, గ్యాస్, కిరాణా బాకీ, మీ ఇంటి ఖర్చు పోను నెలాఖరుకి నిజంగా ఎంత మిగులుతోంది? శ్రావణం, కార్తీకంలో చికెన్ కూరలు కదలవు, ఆ నెలలు మీరింకా చూడనేలేదు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పడి, మీరు లేకుండా వంటమాస్టర్ ఒక వారం షాపు నడిపాక అప్పుడు కొత్త షాపుకి అడ్వాన్స్ ఇవ్వండి. ఈలోపు ఏ కూర ఎంత మిగిలి పారబోశారో రోజూ రాత్రి షట్టర్ దించే ముందు రాసుకోండి.