మెడలో ఎడమ పక్క గడ్డ పదే పదే చీము పడుతోందా?

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. ఏడాదిన్నరగా మెడ ముందు భాగంలో, ఎడమ పక్క గడ్డ లేస్తోంది. జ్వరం వస్తుంది, మింగాలంటే ఏడుస్తుంది. ఇప్పటికి మూడుసార్లు కోసి చీము తీశారు. టీబీ గడ్డేమోనని పరీక్షలు చేస్తే లేదని తేలింది. ఈమధ్య చూపించిన డాక్టర్, గొంతు లోపల పుట్టుకతోనే సన్నని రంధ్రం ఉండొచ్చు, మత్తు ఇచ్చి కెమెరాతో చూడాలి అన్నారు. అంత చిన్నపిల్లకు మత్తు అంటే భయంగా ఉంది. కడుపుతో ఉన్నప్పుడు నేను చేసిన పొరపాటు వల్ల ఇలా అయిందా? రెండో బిడ్డకూ వస్తుందా?
- ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలో చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మీరు తిన్న తిండి, చేసిన పని, పడిన టెన్షన్ ఏవీ దీనికి కారణం కాదు. గర్భం మొదలైన తొలి వారాల్లో, అంటే చాలామందికి తాము గర్భవతులమని అప్పుడప్పుడే తెలిసే రోజుల్లో, పిండం మెడకు రెండు వైపులా మడతలు, వాటి మధ్య సందులు ఏర్పడతాయి. దవడ, చెవి, గొంతులోని భాగాలు అక్కడి నుంచే తయారవుతాయి. ఆ తర్వాత ఆ సందులు వాటంతట అవే పూడిపోవాలి. ఎక్కడైనా ఒకటి పూర్తిగా పూడకపోతే సన్నని దారిలా మిగిలిపోతుంది. తల్లి జాగ్రత్త పడితే ఆగేది కాదు ఇది. మీ పాపకు ఉందని అనుమానిస్తున్న రకం సాధారణంగా వంశపారంపర్యంగా రాదు కాబట్టి, రెండో బిడ్డ గురించి ఈ కారణంతో భయపడొద్దు.

ఇక పాప సంగతి. చిన్న వయసు, ఎడమ పక్క, చీము తీసినా గడ్డ తిరగబెట్టడం... ఈ మూడూ కలిసి కనిపిస్తే మేం మొదట అనుమానించేది ‘పైరిఫార్మ్ సైనస్ ఫిస్టులా’నే. స్వరపేటికకు రెండు పక్కలా, మనం మింగినవి ఆహారనాళంలోకి దిగే చోట, చిన్న గుంటలు ఉంటాయి. వాటినే పైరిఫార్మ్ సైనస్‌లు అంటారు. జలుబు చేసినప్పుడు వినే ముక్కు సైనస్‌లు వేరు. ఈ సమస్య ఉన్న పిల్లల్లో ఆ గుంట అడుగు నుంచి ఒక సన్నని దారి కిందికి, థైరాయిడ్ గ్రంథి వరకు వెళుతుంది. నూటికి తొంభై మందిలో ఎడమ పక్కనే ఉంటుంది. నోట్లోని సూక్ష్మజీవులు లాలాజలంతో పాటు ఆ దారిలోకి దిగుతాయి. జలుబో గొంతునొప్పో వచ్చినప్పుడు అక్కడ చీము పడుతుంది, ఒక్కోసారి థైరాయిడ్‌కే ఇన్ఫెక్షన్ సోకుతుంది. బయట కోసి చీము తీస్తే ఆ పూటకు ఉపశమనమే. లోపలి రంధ్రం అలాగే ఉంటుంది కాబట్టి కొన్ని నెలలకు మళ్లీ మొదటికొస్తుంది.

మొదట చూసిన డాక్టర్లు దీన్ని గుర్తించకపోవడంలో ఆశ్చర్యం లేదు. పిల్లల మెడలో వచ్చే వాపుల్లో ఎక్కువ భాగం బిళ్ల కట్టడమే, ఇది మాత్రం చాలా అరుదు. కానీ అదే చోట, ఎడమ పక్క, రెండోసారి చీము పడిందంటే లోపల దారి ఉందేమో వెతికి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం. కోసిన ప్రతిసారీ లోపల కండ గట్టిపడి మచ్చ కడుతుంది. రేపు అసలు ఆపరేషన్ అవసరమైతే నరాలను గుర్తుపట్టడం సర్జన్‌కు అంత కష్టమవుతుంది.

పరీక్షల్లో ఏది ఎప్పుడు చేశారన్నది చాలా ముఖ్యం. గడ్డ లేచి ఉన్నప్పుడు చేసే అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్‌లలో చీము ఎంతుందో, థైరాయిడ్‌కు పాకిందో లేదో తెలుస్తుంది. ఆ చీములో గాలి బుడగ కనిపిస్తే గొంతుతో సంబంధం ఉందనడానికి అది మంచి ఆధారం. బేరియం (ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే మందు) మింగించి తీసే ఎక్స్‌రేలో దారి గీతలా కనిపిస్తుంది. కాకపోతే ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వాపు వల్ల రంధ్రం మూసుకుపోయి బేరియం అందులోకి వెళ్లకపోవచ్చు, అప్పుడు ‘నార్మల్’ అని రిపోర్టు వస్తుంది. అందుకే గడ్డ పూర్తిగా తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి తీయాలి. మీ పాపకు ఇదివరకే ఈ ఎక్స్‌రే తీసి ఉంటే, అది గడ్డ ఉన్నప్పుడు తీసిందో తగ్గాక తీసిందో చూసుకోండి.

అన్నిటికంటే నమ్మదగింది మీ డాక్టర్ చెప్పిన పరీక్షే. నోటి ద్వారా స్కోప్ (కెమెరా గొట్టం) పెట్టి ఆ గుంట అడుగును నేరుగా చూస్తారు. మెలకువగా ఉన్న ఐదేళ్ల పాప దీనికి సహకరించలేదు కాబట్టి పూర్తి మత్తు తప్పదు. పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న డాక్టర్ ఉంటే, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ప్రమాదం చాలా తక్కువ. దానికంటే గడ్డ పెద్దదై శ్వాసనాళాన్ని నొక్కే ప్రమాదాన్నే నేను ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటాను. పైగా రంధ్రం కనిపిస్తే అదే మత్తులో దాన్ని కాల్చి మూసేసే వీలుంది. విద్యుత్తుతో గానీ, ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్‌తో గానీ ఆ పని చేస్తారు. మెడ మీద కోత ఉండదు. చాలామందికి దీంతోనే నయమవుతుంది, కొందరికి మాత్రం రెండోసారి చేయాల్సి వస్తుంది. గొంతు కొన్నాళ్లు బొంగురుపోవచ్చు.

మెడ కోసి దారి మొత్తాన్ని తీసేసే ఆపరేషన్ కూడా ఉంది. అయితే ఆ దారి పక్కనే స్వరతంతులను కదిలించే నరం వెళుతుంది, అది దెబ్బతింటే గొంతు పోయే ప్రమాదం ఉంది. అందుకే నేనైతే ముందు స్కోప్ పద్ధతినే ఎంచుకోమంటాను. అది ఫలించకపోతే పిల్లల మెడ ఆపరేషన్లు తరచూ చేసే ఈఎన్‌టీ సర్జన్ లేదా పీడియాట్రిక్ సర్జన్ దగ్గరకు వెళ్లండి.

ఇంట్లో ఒకసారి పాప చెవుల ముందు, మెడ పక్కల సూదిమొనంత గుంటలు ఉన్నాయేమో చూడండి. అవి ఉండి, కుటుంబంలో వినికిడి లోపమో కిడ్నీ సమస్యో ఉంటే డాక్టర్‌కు చెప్పండి. అలాంటి పిల్లలకు వినికిడి పరీక్ష, కిడ్నీల స్కానింగ్ చేయించాలి. ఆ రకం సమస్య మాత్రం కుటుంబంలో తరతరాలకూ రావచ్చు.

మెడ మధ్యలో గడ్డ ఉండి, నాలుక బయటపెట్టినప్పుడు పైకి కదిలితే అది థైరోగ్లాసల్ సిస్ట్ (పుట్టుకతో వచ్చే నీటితిత్తి) కావచ్చు. దాని చికిత్స పూర్తిగా వేరు. ఇలాంటి గడ్డ ఉన్న పిల్లల తల్లిదండ్రులు, ఆపరేషన్‌కు ముందు థైరాయిడ్ గ్రంథి అసలు చోట ఉందో లేదో అల్ట్రాసౌండ్‌లో చూశారా అని తప్పకుండా అడగాలి. కొందరిలో గడ్డ అనుకున్నదే ఉన్న ఒకే ఒక్క థైరాయిడ్ కావచ్చు.

ఈలోగా మీ పాపకు మళ్లీ వాపు వచ్చి, ఊపిరి తీసుకునేటప్పుడు శబ్దం వచ్చినా, చొంగ మింగలేకపోయినా, మెడ తిప్పలేకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. స్కోప్ పరీక్షకు తేదీ తీసుకున్నాక జలుబు గానీ జ్వరం గానీ వస్తే ముందే ఫోన్ చేసి చెప్పండి, వాయిదా వేస్తారు. వెళ్లేటప్పుడు పాత స్కాన్ ఫిల్ములు, మూడుసార్లూ తీసిన చీము కల్చర్ రిపోర్టులు (అందులో ఏ సూక్ష్మజీవులున్నాయో చెప్పేవి), డిశ్చార్జి కాగితాలు అన్నీ పట్టుకెళ్లండి.