సంతకం చేసినా పరిహారం హక్కు పోదు

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, బురద ఎత్తే పనికి మా ఆయనను తెనాలి నుంచి ఒక కాంట్రాక్టరు తీసుకువెళ్లారు. పన్నెండో రోజున జ్వరం తగిలింది, కళ్లు పచ్చబడ్డాయి. ఎలుక జ్వరమని తేలింది. నెలన్నర మంచంలోనే ఉన్నారు. మూత్రపిండాలు దెబ్బతిని ఇప్పటికీ బరువు ఎత్తలేకపోతున్నారు. కాంట్రాక్టరు 5 వేలు చేతిలో పెట్టి, ఇక తనకు సంబంధం లేదని సంతకం చేయించుకున్నారు. జ్వరానికి పరిహారం ఉంటుందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఉంటుందమ్మా. ముందు ఆ కాగితం భయం వదిలేయండి. ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 17వ సెక్షన్ ప్రకారం, పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు కార్మికుడి చేత రాయించుకున్న ఏ ఒప్పందమూ చెల్లదు. ఆస్పత్రి ఖర్చుకు చేయి చాచిన మనిషి చేత ఇలా సంతకం పెట్టించుకోవడం నేను ఎన్నో కేసుల్లో చూశాను. చూసిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

ఇక జబ్బు సంగతి. ప్రమాదంలో కాలు విరిగితేనే పరిహారమని చాలామంది అనుకుంటారు. చట్టం మూడో షెడ్యూలు ‘ఎ’ భాగంలో, అంటువ్యాధి సోకే ప్రత్యేక ప్రమాదం ఉన్న పనిలో వచ్చిన జబ్బులూ ఉన్నాయి. ఇన్ని నెలలు పనిచేసి ఉండాలన్న షరతు ఈ భాగానికి లేదు; పన్నెండు రోజులైనా చాలు. అలాంటి పనిలో జబ్బు సోకితే అది పని వల్లే వచ్చినట్టు చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసింది యజమాని. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటిలో, కాలి వేళ్ల సందుల్లో ఒరుసుకుపోయిన చర్మం గుండా ఈ క్రిమి లోపలికి వెళ్తుంది. నీళ్లలో దిగాక సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం వస్తుంది. మీ ఆయన విషయంలో లెక్క సరిగ్గా సరిపోతోంది. బూట్లు వేసుకోలేదని వాదిస్తే, తాము ఇచ్చిన బూట్లను ఆయన కావాలనే పక్కన పెట్టారని వారే రుజువు చేయాలి.

అయినా కాగితాలు కావాలి. హాజరు పట్టీ నకలు, కూలి డబ్బులు పడిన ఫోన్‌పే వివరాలు, ఆ రోజుల్లో బురదలో నిలబడి తీసుకున్న ఫొటో ఏదైనా ఉంటే అది కూడా తీయండి. ఆస్పత్రి డిశ్చార్జి కాగితంలో ‘జ్వరం, కామెర్లు’ అని మాత్రమే ఉంటే, రక్తపరీక్ష రిపోర్టు చూపించి, వరద నీటిలో పనిచేసిన సంగతి కూడా చేర్చి డాక్టరు చేత ధ్రువపత్రం రాయించుకోండి. సంపాదనా శక్తి ఎంత శాతం తగ్గిందో కూడా ఆయనే రాయాలి. శాశ్వత నష్టానికి పరిహారం ఆ శాతం మీదే లెక్క కడతారు. వైద్యానికి అయిన ఖర్చు బిల్లుల ప్రకారం వేరుగా వస్తుంది.

దావాలో కాంట్రాక్టరుతో పాటు, పని అప్పగించిన పురపాలక సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చండి. 12వ సెక్షన్ కింద అసలు యజమాని చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే మాత్రం ఈ చట్టం కింద కాదు, ఈఎస్‌ఐ దగ్గరే అడగాలి.

2025 నవంబరు 21న కొత్త సామాజిక భద్రతా నియమావళి వచ్చినా, మీ ఆయన జబ్బు అంతకు ముందుది కనుక పాత చట్టమే వర్తిస్తుంది. జబ్బుతో పని మానేసిన మొదటి రోజు నుంచి రెండేళ్లు గడువు. అంటే 2026లో ఆ తేదీ దాటనివ్వకండి. విజయవాడ తిరగనక్కరలేదు. మీరు నివసించే జిల్లాలోనే, గుంటూరులోని కార్మిక శాఖలో పరిహార కమిషనర్ ముందు దావా వేయవచ్చు.