సమాధానం: మ్యాచ్ రోజునే బాబుకి కడుపునొప్పి

"ప్రాక్టీసుకి హుషారుగానే వెళ్తాడు, మ్యాచ్ ఉన్న పొద్దున మాత్రం కడుపునొప్పి అంటాడు" అన్నారు కదండీ. ఒకసారి డాక్టరుకి చూపించండి. నాకైతే అనుమానం మీ ఫోన్ మీదే. ప్రతి మ్యాచూ వీడియో తీసి పెడుతున్నానని మీరే రాశారు. తను తడబడితే అదీ నలుగురూ చూస్తారని పన్నెండేళ్లవాడికి తెలియదా? కొన్నాళ్లు తీయడం ఆపి చూడండి.

మీవాడు చూసే రీల్స్ సంగతి. టైగర్ వుడ్స్ రెండేళ్లకే టీవీలో గోల్ఫ్ ఆడాడని తెగ తిప్పుతారు. టెన్నిస్ ఛాంపియన్ ఫెదరర్ చిన్నప్పుడు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ అన్నీ ఆడుతూ పెరిగాడని ఎవరూ రీల్ చేయరు, చూపించడానికి అందులో మసాలా ఏముంది! అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016 నివేదిక అయితే 15, 16 ఏళ్లు వచ్చేదాకా ఒకే ఆటకి కట్టేయొద్దంటుంది, వారానికి కనీసం ఒక రోజు సెలవు ఇవ్వమంటుంది. మీవాడికి ఏడు రోజులూ కోచింగే.

ఇంటికొచ్చే దారిలో ఆట గురించి మీరు ఎత్తకండి, వాడెత్తితే వినండి. ఒక మ్యాచ్ ఆడనంటే మానేయనివ్వండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ ఛాంపియన్ సిమోన్ బైల్స్ అంతటామె టీమ్ ఫైనల్ మధ్యలోనే తప్పుకుంది. మీవాడు ఆడడన్న మాట కోచ్‌కి మాత్రం మీరే చెప్పండి, పిల్లాడితో చెప్పించకండి.