ఎంచింది ఆయన, తుడిచేది నేను

ప్రశ్న: పెళ్లయిన ఇన్నేళ్లకు సొంత ఇల్లు అమరింది. వంటింటి కబోర్డుల తలుపులకు ముదురు నీలం హైగ్లాసీ అక్రిలిక్ (నిగనిగలాడే ప్లాస్టిక్ షీటు) వేయించాలని మావారు నన్నడక్కుండానే ఖాయం చేసి, అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు. మరకలన్నీ కనిపిస్తాయి, మెరుపు లేని మ్యాట్ లామినేట్ (సన్‌మైకా లాంటిది) చాలన్నాను. ‘ఇవన్నీ నీకు తెలియవు, వదిలెయ్’ అన్నారు. ‘తలుపుల రంగు కోసం ఇంత రాద్ధాంతమా’ అంటున్నారు అత్తయ్య. వారంగా ఆయనతో సరిగా మాటల్లేవు. రాత్రిళ్లు ఏడుపొస్తోంది. చిన్న విషయాన్ని నేనే పెద్దది చేస్తున్నానా?

సలహా: లేదమ్మా. తలుపుల రంగు చిన్న విషయమే అనుకుందాం. కానీ రోజూ మీరు గంటలకొద్దీ నిలబడే చోటు గురించి మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు. మీరై మీరు చెప్పబోతే నీకు తెలియదన్నారు. మనసు నొచ్చుకోవడానికి అది చాలు. అందుకని ముందు రంగు పక్కన పెట్టి, ఆ మాట గురించే ఆయనతో మాట్లాడండి. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, అత్తయ్యగారు పక్కన లేనప్పుడు, ‘మీరు ఎంచింది నాకు నచ్చకపోవడం కన్నా, నన్ను అడగకపోవడమే ఎక్కువ బాధపెట్టింది’ అని చెప్పి ఆగండి. పాత గొడవలేవీ తవ్వకండి. ‘మీకు షో ఎక్కువ’ అని అస్సలు అనకండి. ఎన్నాళ్లో కూడబెట్టి కట్టుకున్న ఇల్లు నలుగురి కళ్లకూ అందంగా కనబడాలని ఆయన ఆశపడితే అందులో తప్పేమీ లేదు.

ఇక తెలియకపోవడం సంగతి. మీకు తెలుసు. నిగనిగలాడే ముదురు రంగు మీద వేలిముద్రలు, నీటి చుక్కల మచ్చలు, సన్న గీతలు ఇట్టే కనబడతాయి. అక్రిలిక్‌ను గరుకు స్క్రబ్బర్‌తో రుద్దితే మెరుపు పోతుంది. థిన్నర్, స్పిరిట్ లాంటివి దాని దరిదాపులకు రాకూడదు. సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ, అంతే. పైపై గీతలు పాలిష్ పట్టిస్తే చాలావరకు పోతాయన్నది ఆయన పక్షాన చెప్పాల్సిన మాట.

అలాగని మ్యాట్ తుడవక్కర్లేదని కాదు. చెక్క గీతల్లా లోతైన గాడులున్న లామినేట్‌లో జిడ్డు చేరితే వదిలించడం కష్టం. మరీ ముదురు మ్యాట్ మీద చేతి జిడ్డు కూడా తెలుస్తుంది. నున్నగా ఉండే మ్యాట్, మధ్యస్థమైన రంగు చూసుకోండి. లామినేట్ గీతలకు బాగానే ఓర్చుకుంటుంది. దాని బలహీనత అంచుల్లో ఉంది. అంచు పట్టీ సరిగా అతకకపోతే నీళ్లు లోపలికి దిగి చెక్క ఉబ్బుతుంది, ముఖ్యంగా సింకు కింద. మధ్యేమార్గమంటూ ఎవరైనా మెంబ్రేన్ తలుపులు (పలచని పీవీసీ పొర అతికించినవి) చూపిస్తే, పొయ్యి, ఓవెన్ పక్కన మాత్రం వద్దనండి. వేడికి ఆ పైపొర లేచిపోయే అవకాశం ఉంది.

వర్క్‌షాపుకి ఇవాళే ఫోన్ చేసి తలుపుల షీట్లు కోశారో లేదో కనుక్కోండి. సాధారణంగా కోయకముందైతే మార్చుకునే వీలుంటుంది. వీలుందంటే రెండు రకాల నమూనా ముక్కలు తెప్పించండి. అరచేతిలో పట్టే ముక్క చాలదు, కాస్త పెద్దవి అడగండి. కొత్త వంటింట్లోనే నిలబెట్టి పగటి వెలుతురులో, రాత్రి లైటు కింద చూడండి. నూనె చేత్తో ముట్టుకోండి. తరవాత తుడవండి. ఆ తుడవడం ఆయన కూడా చేయాలి, ఇక్కడ మాత్రం మొహమాటపడకండి. రోజూ తుడిచే మనిషి మాటకే ఎక్కువ బరువుండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పని ఆయన పంచుకుంటానంటే మెరుపు మీద ఆయన మాటకీ అంత బరువు ఇవ్వండి.

అయినా ఆయన మనసు మెరుపు మీదే ఉంటే, చేయి తక్కువగా తగిలే పై అరలకు లేత రంగు గ్లాసీ, కింది అరలకు మ్యాట్ వేయించుకోవచ్చు. షీట్లు కోసేసి ఉంటే గొడవ పొడిగించకండి. కనీసం హ్యాండిళ్లు పెట్టించండి, తలుపు మీద చేతులు పడడం తగ్గుతుంది. లైట్లు, కుళాయి, గట్టు రాయి ఇంకా ఎంచకపోతే అవి ఇద్దరూ కూర్చునే తేల్చాలని ఇప్పుడే అనుకోండి.

అత్తయ్యగారిని తీర్పు చెప్పమనొద్దు, ఆవిడ మాటకు జవాబూ చెప్పొద్దు. ఇది మీ ఇద్దరి మధ్య తేలాల్సిన విషయం.

ఒక్కటి మాత్రం నిదానంగా ఆలోచించండి. ‘నీకు తెలియదు’ అన్న మాట ఈ తలుపుల దగ్గరే వచ్చిందా, డబ్బు, పిల్లలు, మీ ఉద్యోగం, మీ ఆరోగ్యం దగ్గర కూడా వస్తోందా? ఇదొక్కసారే అయితే పైన చెప్పినట్టు మాట్లాడితే సర్దుకుంటుంది. ఎప్పుడూ ఉన్నదే అయితే ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఆయన రానంటే మీరొక్కరైనా వెళ్లండి.