బండి బాగోగులు: రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

ఎండలు ముదిరేకొద్దీ ఈ శీర్షికకు ఇంజన్ వేడెక్కడం గురించిన ఉత్తరాలు ఎక్కువవుతుంటాయి. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చిన వాటిలో కూలెంట్‌కు (ఇంజన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవానికి) సంబంధించిన ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర పదేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు ఉంది. కూలెంట్ మార్పిద్దామని షెడ్డుకు తీసుకెళ్తే, "అది మంచు కురిసే దేశాల్లో గడ్డకట్టకుండా పోసే మందు సార్, మన ఎండలకు నీళ్లే చాలు" అంటూ మెకానిక్ రేడియేటర్ నిండా బోరు నీళ్లు పోశాడు. కనీసం మిషన్ భగీరథ నీళ్లయినా పోయించాల్సింది అని ఇంట్లో వాళ్లు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ మెకానిక్ మాటలో కొంత నిజం లేకపోలేదు. కూలెంట్‌లో ప్రధానంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌ను నీటితో సగానికి సగం కలిపితే ఆ మిశ్రమం దాదాపు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. ఆ గుణంతో దేవరకొండ వాళ్లకు ఏ కాలంలోనూ పని పడదు. పైగా వేడిని మోసుకుపోవడంలో నీటికి సాటి లేదు, గ్లైకాల్ కలిపినకొద్దీ ఆ శక్తి కొంత తగ్గుతుంది కూడా. అయినా ఆయన మీ బండికి చేసిన పని సరైనది కాదు, ఎందుకంటే మన ప్రాంతంలో కూలెంట్ పోసేది చలికి కాదు, మరుగుకూ తుప్పుకూ.

ముందు మరుగు సంగతి చూద్దాం. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి, సగం కూలెంట్ కలిసిన మిశ్రమం సుమారు 107 డిగ్రీల దాకా ఆగుతుంది. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని బయటి గాలి ఒత్తిడి కంటే దాదాపు ఒక బార్ (మామూలు గాలి ఒత్తిడంత) ఎక్కువగా నిలబెడుతుంది కాబట్టి, మూత బిగించి ఉన్నప్పుడు నీళ్లయితే సుమారు 120 డిగ్రీలకు, మిశ్రమమైతే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు పైన మరుగుతాయి. మే నెలలో నీడలోనే 44, 45 డిగ్రీలు ఉండే చోట, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డ చిన్న ఇంజన్‌కు ఆ ఏడెనిమిది డిగ్రీలు తక్కువేమీ కాదు. ఇక మూత రబ్బరు పాతబడి ఒత్తిడి ఆపలేని స్థితిలో ఉంటే, లోపల ఉన్నవి ఉత్త నీళ్లయితే, అవి ఎంత తొందరగా పొంగుతాయో చెప్పనక్కర లేదు.

అంతకంటే పెద్ద సంగతి తుప్పు. ఇంజన్ హెడ్, రేడియేటర్ అల్యూమినియంతో, కొన్ని ఇంజన్లలో బ్లాకు పోత ఇనుముతో, థర్మోస్టాట్ భాగాలు మరో లోహంతో తయారై ఉంటాయి. ఇన్ని రకాల లోహాలు ఒకే నీళ్లలో మునిగి ఉంటే వాటి మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి ఏదో ఒకటి తినేయబడుతుంది. దాన్ని అడ్డుకునే రసాయనాలు కూలెంట్‌లో ఉంటాయి, ఉత్త నీళ్లలో ఉండవు. మీ బండిలో పోసినవి బోరు నీళ్లు కావడం ఇంకా చేటు. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది గానీ, రేడియేటర్‌కు ఎక్కువ హాని చేసేవి నీటిని గట్టిపరిచే కాల్షియం, మెగ్నీషియం లవణాలూ, అల్యూమినియానికి సన్నటి గుంటలు పెట్టే క్లోరైడ్లూ. స్నానానికి నీళ్లు కాచే హీటర్ రాడ్ మీద కొన్నాళ్లకు పేరుకునే తెల్లటి పెచ్చును చూసే ఉంటారు. రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల్లోనూ, ఇంజన్ లోపలి నీటి దారుల్లోనూ అదే పొర కడుతుంది. ఆ పొర వేడిని సరిగా దాటనివ్వదు కాబట్టి, నీళ్లు నిండుగానే ఉన్నా ఇంజన్ వేడెక్కుతుంది.

భగీరథ నీళ్లు నదీ జలాన్ని శుద్ధి చేసి ఇచ్చేవి కనుక తాగడానికి బోరు నీళ్ల కంటే ఎంతో మేలు. కానీ వాటిలోనూ లవణాలు, క్లోరిన్ ఉంటాయి, తుప్పును ఆపే మందు మాత్రం ఉండదు. ఊళ్లో ప్లాంటు దగ్గర పట్టే ఫిల్టర్ నీళ్లు దారిలో ఆపద గడవడానికి పనికొస్తాయి, అంతకుమించి వద్దు. కూలెంట్‌లో కలపవలసింది బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే.

ఇప్పుడు మీరు చేయవలసింది, ఇంజన్ పూర్తిగా చల్లారిన తర్వాత ఆ నీళ్లను వదిలించి, డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్‌ను వేడి వైపు తిప్పి కాసేపు ఇంజన్ నడిపించి, చల్లారనిచ్చి మళ్లీ వదిలించడం. వచ్చే నీళ్లు తేటగా కనబడేదాకా ఇదే చేయించండి. ఆ తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. మీ బండి మాన్యువల్‌లో 30 శాతం కూలెంట్ చాలని ఉంటే దాన్నే పాటించండి. చిన్న కార్లలో మొత్తం పట్టేది చాలావరకు మూడున్నర నుంచి ఐదు లీటర్లు, కాబట్టి ఖర్చు భయపడేంత ఉండదు. పొర వదలడానికి యాసిడ్ పోస్తామని షెడ్డులో అంటే మాత్రం ఒప్పుకోకండి, అది పొరతో పాటు అల్యూమినియాన్నీ తింటుంది. కొత్తది నింపిన తర్వాత లోపల గాలి చిక్కుకోకుండా, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో గాలి తీయించడం మరవకండి. గాలి బుడగ ఉన్నచోట ఎంత మంచి కూలెంటైనా చేరదు.

ప్రశ్న: మా కారు డబ్బాలో గులాబీ రంగు కూలెంట్ ఉంది. మట్టం తగ్గిందని షాపులో అడిగితే ఆకుపచ్చది ఇచ్చి, "అన్నీ ఒకటే, లీటరుకు లీటరు నీళ్లు కలిపి పోసేయండి" అన్నారు. పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పోయకండి. రంగు అనేది తయారీదారు కలిపే అద్దకమే తప్ప, అన్ని కంపెనీలూ పాటించే కొలమానం కాదు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు, వేర్వేరు రంగుల్లో ఒకే రసాయనం ఉండవచ్చు. పాతకాలపు ఆకుపచ్చ కూలెంట్లలో సాధారణంగా సిలికేట్ వంటి లవణాలు లోహం మీద పొరలా పరుచుకుని కాపాడతాయి. ఎక్కువ కాలం మన్నే కొత్త రకాల్లో సేంద్రియ ఆమ్లాలు ఆ పని చేస్తాయి. ఈ రెండింటినీ కలిపితే బండి అక్కడికక్కడే ఆగిపోదు గానీ, కాపాడే గుణం తొందరగా హరించుకుపోతుంది, ఒక్కోసారి జిగురులాంటి మడ్డి తయారై సన్నటి దారులకు అడ్డుపడుతుంది. రంగును నమ్మకుండా, మాన్యువల్‌లో రాసిన రకం పేరును సీసా వెనక ఉన్న అక్షరాలతో పోల్చి చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 5759 అని ఉందో లేదో చూడటం మంచిదే, కానీ అది నాణ్యతకు గుర్తు మాత్రమే, మీ ఇంజన్‌కు సరిపోతుందని హామీ కాదు.

నీళ్లు కలపమనడం ఇంకో పొరపాటు. మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి: నీళ్లు కలిపి వాడవలసిన చిక్కటిది, కలిపే అమ్మేది. రెండో రకం సీసా మీద నేరుగా పోయవచ్చని రాసి ఉంటుంది. దానిలో మళ్లీ సగం నీళ్లు కలిపితే చివరకు పాతిక శాతం కూలెంట్ మిగులుతుంది, తుప్పును ఆపడానికి అది చాలదు. చిక్కటి రకాన్ని నీళ్లు కలపకుండా పోయడమూ తప్పే, అది వేడిని సరిగా మోయలేదు.

ప్రశ్న: శ్రీశైలం వెళ్లి వస్తుంటే, డ్యాం దగ్గరి వంతెన దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కేటప్పుడు మా కారులో టెంపరేచర్ ముల్లు పైకి పాకింది. భయపడి ఆపేసి, సీసాలోని నీళ్లు ఇంజన్ మీద పోశాం. సరిగానే చేశామా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఆపడం సరైనదే, నీళ్లు పోయడం కాదు. కాలుతున్న అల్యూమినియం హెడ్ మీద చల్లటి నీళ్లు పడితే అది వంగవచ్చు, బీటలు వారవచ్చు.

ఘాట్‌లో బండి నెమ్మదిగా కదులుతుంది కనుక రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు, ఇంజన్ మీద బరువు మాత్రం ఎక్కువ. ఏసీ వేసి ఉంటే రేడియేటర్ ముందుండే కండెన్సర్ కూడా వేడిని దాని మీదికే పంపుతుంది. ముల్లు పైకి పోతున్నట్టు కనబడగానే ఏసీ కట్టేసి, హీటర్‌ను పూర్తి వేడి మీద, ఫ్యాన్‌ను పూర్తి వేగం మీద పెట్టండి. లోపల ఉక్కపోసినా ఇంజన్ వేడి కొంత క్యాబిన్‌లోకి దిగుతుంది. అయినా తగ్గకపోతే వెడల్పున్న చోట పక్కకు ఆపండి. ఆవిరి రాకుండా, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాసేపు ఇంజన్‌ను ఖాళీగా నడవనివ్వవచ్చు. ఆవిరి వస్తున్నా, ఎర్ర దీపం వెలిగినా వెంటనే ఇంజన్ కట్టేయండి. మూతను కనీసం అరగంట ముట్టకండి. లోపల ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటి ఉన్న ద్రవం, మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కొత్త చిన్న కార్లలో చాలావాటికి ముల్లు ఉండదు, నీలం, ఎరుపు దీపాలే ఉంటాయి. ఎరుపు వెలిగాక "ఇంకొంచెం దూరమే కదా" అనుకోవడం హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే పట్టీ) ఖర్చుకు సిద్ధపడటమే. ఆ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేస్తారు కాబట్టి, బండి చల్లారడానికి సమయం చాలేలా పగటిపూటే బయల్దేరండి.

ఇంటికి వచ్చారు కనుక బానెట్ ఎత్తి రేడియేటర్, కండెన్సర్ మధ్య సందును చూపించండి. రోడ్ల మీద వడ్లు ఆరబోసే కాలంలో తిరిగిన బండ్లకు తాలు, పొట్టు, పురుగులు ఆ రెక్కల్లో దట్టంగా ఇరుక్కుని ఉంటాయి. మామూలు పైపుతో, ఇంజన్ వైపు నుంచి బయటికి కడిగించండి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

ప్రశ్న: నెలకోసారి డబ్బాలో మట్టం కిందికి దిగుతోంది. కింద ఎక్కడా చుక్క కనబడదు. పోస్తూ ఉంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: సరిపోదు. మట్టాన్ని తెల్లవారుజామున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తున్నారా అన్నది ముందు తేల్చుకోండి, వేడిగా ఉన్నప్పుడు అది ఎలాగూ పైన కనబడుతుంది. చల్లగా ఉన్నప్పుడూ తగ్గుతుంటే హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, వాటర్ పంప్ కింద ఎండిన మరకలు వెతికించండి. కారిన కూలెంట్ వేడికి ఆరిపోయి తెల్లగానో రంగుగానో చార మిగులుస్తుంది. ముందు సీటు కింద చాప తడిగా ఉండి, అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్‌కు ఉండే చిన్న రేడియేటర్ కారుతోందని అర్థం. ఇవేవీ లేకుండా పొగ గొట్టం నుంచి తీయటి వాసనతో తెల్లటి పొగ వస్తున్నా, ఆయిల్ గేజ్ పుల్ల మీద పాలమీగడలాంటి నురగ ఉన్నా, కూలెంట్ హెడ్ గాస్కెట్ దాటి లోపలికి పోతున్నట్టే. అప్పుడు బండి నడపకుండా షెడ్డుకు చేర్పించండి. పదే పదే మెకానిక్ పోయడం, మీరు డబ్బులివ్వడం కాకుండా, ఒత్తిడి పంపుతో పరీక్ష చేయమని ఆయన్ను అడగండి.

ప్రశ్న: మార్చిన పాత కూలెంట్‌ను మా వాకిట్లో పారబోశారు. బర్రెలు, కుక్కలు తిరిగే చోటు. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: అవును, ప్రమాదమే. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కనుక కుక్కలూ పశువులూ పిల్లలూ దాన్ని రుచి చూస్తారు; కొద్దిగా మింగినా కిడ్నీలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. పడ్డచోట మట్టి చల్లి, దాన్ని ఎత్తి సంచిలో కట్టి, పశువులకు, పిల్లలకు అందనిచోట పెట్టండి. కుంట వైపో, కాల్వలోకో కడిగేయకండి. ఇకమీదట పాతదాన్ని మూతగల డబ్బాలో పట్టించి, పాత ఆయిల్‌ను తీసుకునే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి; తాగే నీళ్ల సీసాలో మాత్రం ఎప్పుడూ పోయకండి. ఎవరైనా మింగినట్టు అనుమానం వస్తే, మత్తుగా ఉన్నారా లేదా అని చూస్తూ కూర్చోకుండా, కూలెంట్ సీసాను వెంట పట్టుకుని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. దీనికి విరుగుడు మందు ఉంది, కానీ తొలి గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.